వాకర్ పట్టేంత దారి

ఆ వీధిలో ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా, మిక్సీ మొరాయించినా, ఇస్త్రీపెట్టె వేడెక్కనని భీష్మించుకున్నా అందరి కాళ్ళూ ఒకే గుమ్మం వైపు నడిచేవి. ఆ గుమ్మం మామయ్యది. సొంత మేనల్లుళ్ళు ఎందరున్నారో గానీ, వీధి మొత్తానికి అతను మామయ్యే, అతని భార్య అత్తయ్యే. వెనకటికి మామయ్యకు మెయిన్ రోడ్డు మీద రిపేరు దుకాణం ఉండేది. ఆ భవనం పడగొడతామన్నప్పుడు, వయసు కూడా మీద పడింది కదా అని దుకాణం మూసేశాడు. మూసేశానని అతను అంటాడు. ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాడని అత్తయ్య అంటుంది. ఆ ఇంట్లో అడుగు పెట్టినవాళ్ళెవరూ మామయ్య మాట నమ్మరు.

అడుగు పెట్టడం అని ఊరికే అన్నాను గానీ, అదంత సులువు కాదు. గుమ్మం దాటగానే కుడివైపు టేబుల్ ఫ్యాన్లు మెడలు వాల్చుకుని నిలబడి ఉండేవి. వాటి వెనక తలుపు లేని ఫ్రిజ్జు, ఫ్రిజ్జు నిండా మిక్సీ జార్లు. ఎడమవైపు వాషింగ్ మెషీను తొట్టి, తొట్టిలో వైర్లు, వైర్ల కింద ఏముందో మామయ్యకు కూడా తెలియదు. మంచానికీ బీరువాకూ మధ్య కుట్టుమిషను ఇనప స్టాండు. బాత్రూంకి వెళ్ళే సందులో ఒక కూలరు, దాని నెత్తిన ఇంకో కూలరు. ఆ ఇంట్లో నడవాలంటే ఒక భుజం ముందుకు పెట్టి, పొట్ట లోపలికి లాక్కుని, పక్కవాటుగా జరగాలి. మామయ్య బక్కపలచని మనిషి కాబట్టి అతనికి సరిపోయింది. అత్తయ్య బక్కపలచని మనిషి కాదు.

"వస్తువు పాడవదు, అలుగుతుంది," అనేవాడు మామయ్య. "అలిగినంత మాత్రాన బయట పారేస్తామా?"

"నేను అలిగి ఎన్నాళ్ళయిందో గమనించారా? నన్ను కూడా ఒకసారి విప్పి బిగించకూడదూ?" అనేది అత్తయ్య.

ఇంతలేసి మాటలన్నా, ఆమెకు ఆ సామాను మీద లోలోపల ప్రేమ ఉందని మామయ్యకు గట్టి నమ్మకం. ఎందుకంటే ఇంట్లో మిగతా సామానంతటి మీదా వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము ఉన్నా, ఫ్రిజ్జు అంచు, మిషను స్టాండు పైభాగం, కూలరు మూల మాత్రం ఎప్పుడు చూసినా తళతళలాడేవి. "పైకి తిడుతుంది గానీ, నేను చూడనప్పుడు తుడుస్తుందయ్యా," అని టీకొట్టతనికి చెప్పుకుని మురిసిపోయేవాడు. టీకొట్టతనికి పెళ్ళయి చాలా ఏళ్ళయింది. అతను ఆ మాట నమ్మలేదు.

అత్తయ్య లాండ్రీలో ఇస్త్రీ చేసేది. బల్ల ముందు ఏళ్ళ తరబడి నిలబడి, ఊరందరి చొక్కాల ముడతలు తీసి, తన మోకాళ్ళు అరగదీసుకుంది. కుడి మోకాలు ఇక మార్చక తప్పదని డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. పార్టు మార్చడం అన్న మాట చెవిన పడగానే మామయ్య మొహం వెలిగిపోయింది. కొత్త మోకాలు దేంతో చేస్తారు, ఎలా బిగిస్తారు, గ్యారంటీ ఎన్నాళ్ళు అని డాక్టరును ఊపిరి తిప్పుకోనివ్వలేదు. పాత మోకాలు వెనక్కి ఇస్తారా అని కూడా అడగబోయేవాడే, అత్తయ్య బల్ల కింద అతని కాలు తొక్కింది. తొక్కింది మంచి కాలితోనే.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు వాకర్ పట్టుకుని నడవాలి. ఇల్లు అందుకు పనికొస్తుందో లేదో చూడడానికి ఆసుపత్రి వాళ్ళు ఫిజియోథెరపీ అమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి నాలుగు కాళ్ళ వాకర్‌ను ఎలాగో మంచం దాకా చేర్చి, దాన్ని పట్టుకుని అత్తయ్య నడవబోయే తీరులోనే తను నడిచి చూసింది. రెండడుగులు వేసేసరికి వాకర్ కాలు ఒక టేబుల్ ఫ్యాను జాలీలో ఇరుక్కుంది. వెనక్కి లాగితే ఫ్యాను కూడా వచ్చింది. ఫ్యాను వెనకే ఒక వైరు వచ్చింది. వైరు రెండో కొస ఎక్కడుందో గానీ, వంటింటి వైపు ఏదో దభీమని పడింది.

"కంగారు పడకు తల్లీ, అది రోజూ పడేదే," అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి వాకర్ వదిలేసి మంచం మీద కూర్చుంది. "అంకుల్, ఆపరేషన్ అయ్యాక ఆంటీ ఈ ఇంటికి రాకూడదు. కొత్త మోకాలితో ఇక్కడ ఒక్కసారి తట్టుకుని పడ్డారంటే మళ్ళీ ఆసుపత్రే. మంచం నుంచి బాత్రూం దాకా, వంటింటి దాకా ఈ వాకర్ ఎక్కడా తగలకుండా వెళ్ళాలి. నేను వచ్చి చూసి సరే అంటేనే ఇంటికి పంపిస్తారు. లేదంటే వేరే ఇల్లు చూసుకోండి." అలవాటు చేసుకోమని వాకర్‌ను అక్కడే వదిలి, వచ్చినంత జాగ్రత్తగా పక్కవాటుగా జరుగుతూ వెళ్ళిపోయింది.

వేరే ఇల్లంటే ఎవరిది? కూతురు ఉండేది వేరే ఊళ్ళో, మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో. ఇక మిగిలింది అత్తయ్య అక్కగారిల్లు. ఆవిడ మామయ్యకు వదినగారు.

వదినగారింట్లోకి దుమ్ము కూడా చెప్పులు విప్పి వస్తుందని వీధిలో చెప్పుకునేవాళ్ళు. భర్త పోయాక ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. పొద్దున్నే పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరిచాక, పడుకునే దాకా దాని మీద ఎవరూ కూర్చోకూడదు. మంచినీళ్ళు తాగిన గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే కడిగి బోర్లించేస్తారు. ఒకసారి మామయ్య ఆ ఇంట్లో సగం తాగిన టీ కప్పు పక్కన పెట్టి, కిటికీలోంచి బయటికి చూసి మళ్ళీ ఇటు తిరిగేసరికి కప్పు అలమరలో ఉంది. సంగతి తెలియగానే వదినగారు ఫోన్ చేశారు. "గది సిద్ధంగా ఉంది. మీ ఇంటి సంగతి మర్చిపో. నువ్వొస్తే చాలు," అన్నారు చెల్లెలితో.

ఫోన్ పెట్టేసి అత్తయ్య మామయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కూర్చోవడానికి వాషింగ్ మెషీను మూత తప్ప చోటు లేదు.

"అక్క మంచిదే. నా మీద ప్రాణం పెడుతుంది. కానీ అన్ని నెలలు ఆ ఇంట్లో ఉన్నానంటే మోకాలు బాగవుతుంది, మతి పోతుంది. నాకు నా ఇంటికే రావాలనుందండీ. మీరేం చేస్తారో నాకు తెలీదు. నాకు దారి కావాలి."

మామయ్యకు ఆ మాట సూటిగా తగిలింది. ఆమె లేని ఇంటిని అతను ఊహించుకోలేడు. తను చెప్పేది పొద్దస్తమానం వినే మనిషి, విని చురకంటించే మనిషి లేకపోతే ఇన్ని యంత్రాల మధ్య తనొక్కడూ ఏం చేస్తాడు? "చేస్తాను. కానీ ఒక్కసారిగా అంతా తీసెయ్యమంటే నా గుండె ఆగిపోతుందే. కొంచెం కొంచెంగా తీస్తాను," అన్నాడు.

దానికి అత్తయ్యే ఒక పద్ధతి పెట్టింది. సాయంత్రం ఆమె మంచం దగ్గర్నుంచి వాకర్ తోసుకుంటూ బయల్దేరుతుంది. వాకర్ ముందుగా దేనికి తగిలితే ఆ వస్తువు మర్నాడు ఇల్లు విడిచి వెళ్ళిపోవాలి. "ఇందులో నా ఇష్టం లేదు, మీ ఇష్టం లేదు. వాకర్ ఇష్టం," అంది.

పద్ధతి భేషుగ్గా ఉంది. దాన్ని పాడు చేసింది మామయ్య పనితనం.

దుకాణం పెట్టిన నాటినుంచీ అతనికొక నియమం ఉంది. పాడైన వస్తువు తన గుమ్మం దాటి బయటికి వెళ్ళకూడదు. వెళ్తే తిరుగుతూ వెళ్ళాలి, లేదా వెలుగుతూ వెళ్ళాలి. మొదటి రోజు వాకర్‌కు తగిలిన టేబుల్ ఫ్యానును అతను ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయి, మళ్ళీ లోపలికి తెచ్చాడు. దాని లోపల ఇరుసు తిరిగే బుష్ అరిగిపోయింది. అరిగిన బుష్‌తో పరాయి ఇంటికి ఎలా పంపుతాడు? పక్క ఫ్యాను విప్పి దాని బుష్ తీసి దీనికి వేశాడు. ఇప్పుడు పక్క ఫ్యాను బోసిపోయింది. దానికో బుష్ కావాలని పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి, బుష్ విడిగా ఇవ్వనంటే మొత్తం ఫ్యానునే చంకన పెట్టుకుని వచ్చాడు.

బాగైన ఫ్యానును టీకొట్టతనికి ఊరికే ఇచ్చాడు. అతను స్విచ్ వేసి, గాలికి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "మామయ్యా, నీ చేతిలో ఏదో మహిమ ఉంది," అంటూనే బల్ల కిందికి వంగి కాలిపోయిన మిక్సీ ఒకటి బయటికి లాగాడు. "ఇదొక్కటి చూసి పెట్టు. తొందరేం లేదు."

పొగిడినవాడి మాట కాదనడం మామయ్యకు చేతకాదు. మిక్సీ ఇంటికి వచ్చింది.

"ఒకటి పట్టుకెళ్ళి రెండు తెచ్చారా?" అంది అత్తయ్య.

"ఇవి తాత్కాలికం."

"ఆ పై కూలరు కూడా తాత్కాలికమే అన్నారు. అప్పుడు మన అమ్మాయి బడికెళ్తోంది."

మర్నాడు ఇస్త్రీపెట్టె వంతు వచ్చింది. దాన్ని బాగుచేసి దర్జీకి ఇస్తే, దర్జీ కుట్టుమిషను మోటారు చేతిలో పెట్టాడు. మోటారు బాగుచేయడానికి ఇంకో మోటారు వచ్చింది. మామయ్య పాత సామాన్లు బాగుచేసి ఊరికే పంచిపెడుతున్నాడని వీధంతా గుప్పుమంది. తీసుకోవడానికి వచ్చినవాళ్ళు వట్టి చేతులతో రావడం బాగుండదని తలా ఒక చచ్చిన యంత్రం వెంటపెట్టుకుని వచ్చారు. మామయ్య ఇల్లు ఖాళీ అవుతోందట కదా, చోటుంటుంది కదా అని ఒకాయన ఏకంగా ట్రెడ్‌మిల్ తెచ్చి దింపాడు. మొదట్లో మంచం నుంచి రెండడుగులు నడిచిన వాకర్ ఇప్పుడు ఒక్క అడుగుకే ఆగిపోతోంది. మామయ్య మాత్రం తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా చెమటలు కక్కుతూ పనిచేస్తూనే ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేయడం ఇంత కష్టమని తనకు తెలియదని అందరితోనూ అంటున్నాడు.

దారి ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒక సాయంత్రం వదినగారు వచ్చారు. మడత నలగని చీర, చేతిలో తెల్లటి రుమాలు. ట్రెడ్‌మిల్ అడ్డం ఉంది కాబట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"నేను లోపలికి రావాలా, మీరే బయటికి వస్తారా, మరిదిగారూ?"

మామయ్య స్టూలు తెచ్చి గుమ్మంలో వేశాడు. ఆ ఇంటికి ఎప్పుడు వచ్చినా వదినగారికి ఆ స్టూలే గతి. రుమాలుతో దాన్ని రెండుసార్లు తుడిచి కూర్చున్నారు.

"దారి ఎంతవరకు వచ్చింది?"

"వస్తోంది వదినగారూ. కొంచెం కొంచెంగా."

"ఎటు నుంచి ఎటు?"

మామయ్య చెయ్యి ఎత్తి చూపించబోయి, ఎటు చూపించాలో తెలియక బుర్ర గోక్కున్నాడు. వదినగారు ఫ్యాన్ల మీదుగా మెడ సాచి, లోపల మంచం మీదున్న చెల్లెలితో గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. కిటికీ పక్కన మంచం వేయించానని, కొత్త దిండు కొన్నానని, రెండు కొత్త గ్లాసులు కూడా తెచ్చానని చెప్పారు. చీకటి పడకముందే లేచి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య బీరువాలోంచి సంచి తీసి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆమె అరుస్తుందని మామయ్య ఎదురుచూశాడు. ఆమె అరవలేదు.

"ఇంకా టైముంది కదే," అన్నాడు.

"మీ మీద కోపం లేదండీ. అవి మీ ప్రాణం. ఇన్నేళ్ళు చూశాను, నాకు తెలీదా? నేను అక్క దగ్గరే ఉంటాను. తీరిక దొరికినప్పుడు మీరే వచ్చి చూసి వెళ్ళండి." చీర మడత మీద చేత్తో రాసి, ఇస్త్రీ చేసినంత చదునుగా చేసి, సంచిలో పెట్టింది.

తిట్టి ఉంటే మామయ్యకు బాగుండేది. తిట్లకు అతని దగ్గర జవాబులున్నాయి.

బీపీ అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ అని చెప్పి, మర్నాడే ఆమెను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆమెను అక్కడ దింపి మామయ్య ఒంటరిగా ఇంటికి వచ్చాడు. మంచం దగ్గర వాకర్ బోసిగా నిలబడి ఉంది. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఆమె నడవలేదా? తనూ అలాగే నడిచి చూపిస్తే సరి, దారి ఉన్నట్టే కదా! ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడే పని లేదు. కుడికాలు మోకాలి దగ్గర వంచకుండా బిగబట్టి, అత్తయ్యలాగే ఒంటిని ఒక పక్కకు వాల్చి, కుంటుతూ మంచం దగ్గర్నుంచి బయల్దేరాడు.

రెండో అడుగుకే ఒళ్ళు తూలింది. చెయ్యి తనంతట తనే చాపుకుని మిషను స్టాండును పట్టుకుంది. తళతళలాడే పైభాగం సరిగ్గా అరచేతి కింద ఉంది. ఇంకో రెండడుగులు వేస్తే మళ్ళీ తూలింది. ఈసారి చెయ్యి ఫ్రిజ్జు అంచు మీద పడింది. అదీ తళతళలాడే చోటే. అక్కడి నుంచి సందులోకి తిరగబోతే ఊతం కావలసి వచ్చింది, చేతికి కూలరు మూల దొరికింది.

మామయ్య అక్కడే ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళి ఒక్కొక్క చోటూ వంగి చూశాడు. చుట్టూ మందాన దుమ్ము, మధ్యలో అరచేతి వెడల్పున నున్నటి చోటు. అత్తయ్య ఎప్పుడూ ఏదీ తుడవలేదు. పడిపోకుండా పట్టుకుంది, అంతే.

ఫ్రిజ్జు అంచున రంగు పూర్తిగా పోయి లోపలి రేకు కనబడుతోంది. ఆ రంగు ఒక ఏడాదిలో పోయేది కాదు. ఆ సంగతి మెకానిక్‌కు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అంటే ఆమె నొప్పి గురించి నోరు విప్పడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే వీటి ఆసరాతో నడుస్తోంది. ఇంటికి వచ్చిన ప్రతి ఫ్యానుకూ చెవి ఆనించి ఎక్కడ అరిగిందో చెప్పేవాడు, పక్కనున్న మనిషి అరిగిపోతుంటే వినలేదు. పైగా తన సామానును ముద్దుగా తుడుస్తోందని టీకొట్టు దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో అతను సిగ్గుతో తల దించుకోవడం అదే మొదటిసారి.

తర్వాత సుద్దముక్క తెచ్చాడు. నున్నగా ఉన్న ప్రతిచోటా, అదే ఎత్తులో పక్క గోడ మీద గీత గీశాడు. గీయడం అయిపోయాక వీధిలోకి వెళ్ళి పాత సామాన్లవాడి బండిని పిలిచాడు.

"ఇవన్నీ పాడైనవే. బాగుచెయ్యను. తీసుకుపో," అన్నాడు.

బండివాడు నోరు వెళ్ళబెట్టాడు. "ఒంట్లో బాగానే ఉందా, మామయ్యా?"

"బాగానే ఉంది. నేను మనసు మార్చుకునేలోపు మొయ్యి."

బండి నిండింది, కదిలింది. మామయ్య గుమ్మంలోనే నిలబడదామనుకున్నాడు గానీ కాళ్ళు నిలవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బండి వెనకే పరిగెత్తాడు. "ఒరే, ఆ పొడుగు ఫ్యానుకు కెపాసిటర్ ఒక్కటే పోయింది! మిగతాదంతా దివ్యంగా ఉంది!"

"నేను దీన్ని కరిగించేస్తాను మామయ్యా."

"కరిగించే ముందు చెప్తున్నాను, తెలుసుకో! ఆ మిక్సీకి కార్బన్ బ్రష్షులు కొత్తవి! మొన్ననే వేశాను!"

వీధి చివర మలుపు దాకా అలా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి, టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాడు. టీకొట్టతను ఏమీ అడగకుండా టీ ఇచ్చాడు. అడిగి ఉంటే మామయ్య ఏడ్చేవాడే.

రోజుకొక బండి చొప్పున సామాను తరలిపోయింది. ఒక్కో రోజు కొంచెం కొంచెంగా గోడలు బయటపడ్డాయి. గోడలకు ఏ రంగు వేయించాడో మామయ్య ఎప్పుడో మర్చిపోయాడు, చూసి ఆశ్చర్యపోయాడు. వీధివాళ్ళు తెచ్చి పడేసిన యంత్రాలను ఎవరిది వాళ్ళింటికి మోసుకెళ్ళి ఇచ్చాడు. "మా ఆవిడ మోకాలు బాగయ్యాక తీసుకురండి," అన్నాడు. ట్రెడ్‌మిల్ ఆయన ఆ టైములో తలుపు తీయకపోతే, దాన్ని వాళ్ళ మెట్ల మీదే పెట్టి వచ్చాడు. కిటికీ కింద పట్టేంత చిన్న బల్లా, పనిముట్ల పెట్టె మాత్రం ఉంచుకున్నాడు. పంపే ముందు, మిగిలిన పొడుగు స్టాండు ఫ్యాన్ల గొట్టాలు విప్పి, ఒకదానిలో ఒకటి బిగించి, సుద్దగీతల వెంట గోడకు గట్టిగా దిగ్గొట్టాడు. మంచం దగ్గర మొదలై ఆ గొట్టం బాత్రూం తలుపు దాకా వెళ్ళింది. అక్కడి నుంచి మలుపు తిరిగి వంటింట్లో పొయ్యి పక్కన ఆగింది. ఒక ముక్క నలుపు, ఒక ముక్క తెలుపు, ఒక ముక్క ఆకుపచ్చ. చూడ్డానికి సొగసుగా లేదు గానీ, మామయ్య దానికి వేలాడి చూసినా కదల్లేదు.

పొద్దునా సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేవాడు. ఇంట్లో ఏం జరుగుతోందో అత్తయ్యకు చెప్పలేదు. పని పూర్తి కాకుండా చెప్తే ఆమె నమ్మదని తెలుసు. ఇన్నాళ్ళూ అతను చెప్పినవి అలాంటివే మరి.

"చేతికి ఆ గీతలేంటి?" అంది ఆమె ఒకరోజు.

"ఫ్యాను రెక్క తగిలింది."

"ఇంకోటి తెచ్చారా?" అని నిట్టూర్చి, అటు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. పంపించే ముందురోజు ఫిజియో అమ్మాయి ఇల్లు చూడడానికి వచ్చి, గుమ్మంలో ఆగి, సరైన ఇంటికే వచ్చానా అని బయటికి వెళ్ళి మళ్ళీ చూసుకుంది. వాకర్ తోసుకుంటూ మంచం నుంచి బాత్రూంకి, బాత్రూం నుంచి వంటింటికి నడిచింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. "అంకుల్, ఇది నిజంగా మీరే చేశారా?" అంది. అవునని చెప్పి, మామయ్య గొట్టాన్ని ఒకసారి ఊపి చూపించాడు.

మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర రెండు బళ్ళు ఆగి ఉన్నాయి. ఒకటి వదినగారు మాట్లాడిన కారు, సీటు మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. రెండోది మామయ్య తెచ్చిన ఆటో. చక్రాల కుర్చీలో అత్తయ్యను బయటికి తెచ్చారు. ఆమె తలెత్తకుండా కారు వైపు చెయ్యి చాపింది. మామయ్య కారుకూ ఆమెకూ మధ్య వెళ్ళి నిలబడ్డాడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"దారి ఉంది," అన్నాడు.

అత్తయ్య అతని మొహంలోకి చూసింది. "ఎందాకా?"

"బాత్రూం దాకా. ఆ తర్వాత వంటింటి దాకా. మన ఇంటికి పోదాం రావే. నువ్వు లేకపోతే నాకేం తోచడం లేదు."

ఇన్నేళ్ళలో మామయ్య ఆ మాట అనడం అదే మొదలు. అదీ ఆసుపత్రి గేటు దగ్గర, వాచ్‌మన్ ముందు. అత్తయ్య నమ్మకం లేని చూపులతో ఫిజియో అమ్మాయి వైపు తిరిగింది. "నిజమే ఆంటీ, నేను చూశాను," అంది ఆ అమ్మాయి.

"నా కళ్ళతో చూస్తే గానీ నేను నమ్మను," అన్నారు వదినగారు. అందుకని అందరూ కారే ఎక్కి, వట్టి ఆటోను వెనక పెట్టుకుని ఇంటికి వచ్చారు.

అత్తయ్య గుమ్మంలో వాకర్ పట్టుకుని నిలబడి లోపలికి చూసింది. ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి వచ్చింది. ఫ్రిజ్జు ఉండిన చోటికి రాగానే, అలవాటు కొద్దీ కుడిచెయ్యి వాకర్‌ను వదిలి పక్కకు వెళ్ళింది. అక్కడ ఫ్రిజ్జు లేదు. సరిగ్గా ఆ ఎత్తులోనే గొట్టం ఉంది, చేతికి అందింది. ఆమె ఆగిపోయి ఆ గొట్టం వెంట ఇటు చివరి నుంచి అటు చివరి దాకా చూసింది.

"మీకెప్పుడు తెలిసింది?" అంది మెల్లగా.

"నువ్వు లేనప్పుడు. నువ్వున్నప్పుడే తెలియాల్సింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పమిటతో తుడుచుకుంది. "అంతా ఒకే రంగు వెయ్యడానికి చేతులు రాలేదా?" అంది.

వదినగారు రుమాలు తీసి గొట్టం పొడవునా తుడిచి చూశారు. రుమాలు తెల్లగానే ఉంది. కూలర్లుండే మూలలో వంగి చూశారు, అక్కడా ఏమీ దొరకలేదు. ఇక చూడడానికేమీ మిగలక హాల్లో కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ ఇంటి లోపల కూర్చోవడం అదే మొదలు. రుమాలు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు.

"సరే మరి. ఇక నేను వెళ్తాను. కిటికీ పక్కన మంచం తీసేయించాలి. ఆ గ్లాసులు... రెండు కొన్నాను కదా. ఒకటి చాలు నాకు," అన్నారు.

అత్తయ్య వాకర్‌ను అక్కగారి వైపు తిప్పింది. "ఎక్కడికి వెళ్తావక్కా? ఇక్కడే ఉండు. నాకు బాగయ్యే దాకా ఉండు. ఇన్నేళ్ళూ ఒక్క పూట ఉండమని నిన్ను అడగలేకపోయాను. ఎక్కడ ఉండమంటాను, చోటేదీ?"

మామయ్య గబగబా ఇల్లంతా కలియజూశాడు. చోటు లేదందామంటే ఒక్క ఫ్యాను లేదు, ఒక్క కూలరు లేదు, కనీసం వాషింగ్ మెషీను తొట్టి అయినా లేదు. అన్నీ తన చేతులతోనే బండెక్కించాడు.

"మరిదిగారికి ఇబ్బందేమో," అన్నారు వదినగారు, నేల వంక చూస్తూ.

ఆవిడ అలా నేల చూపులు చూడడం మామయ్య ఎప్పుడూ ఎరగడు. అన్నేళ్ళుగా ముడత పడని ఆ పరుపు మీద కూర్చునే మనిషి లేదని అప్పుడే అతనికి తట్టింది. "ఇబ్బందేముంది వదినగారూ. ఇల్లు పెద్దది," అన్నాడు. ఆ మాట తన నోటి వెంటే వచ్చిందా అని అతనికే అనుమానం వచ్చింది.

వదినగారు వెంటనే తేరుకున్నారు. చెల్లెలి కోసం కొన్న పరుపు, దిండు, దుప్పట్ల కట్ట, రెండు బకెట్లు, రెండు చీపుళ్ళు తన ఇంటి నుంచి తెప్పించడానికి అదే కారును పంపించారు. వాకిట్లో వట్టిగా నిలబడిన ఆటోను కూడా దాని వెనకే తోలారు. అవన్నీ వచ్చాక మామయ్య ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని మోస్తూ ఉంటే, ఏది ఎక్కడ పెట్టాలో ఆవిడ రుమాలుతో చూపించారు. "అక్కడ కాదు మరిదిగారూ, గోడకి జానెడు ఎడం ఉండాలి. చీపురు ఊడ్చాలి కదా."

అత్తయ్య గొట్టం పట్టుకుని నిలబడి, పరుపు కింద నుంచి కనబడుతున్న మొగుడి కాళ్ళను చూసి, ఆపుకోలేక పకపకా నవ్వింది. పళ్ళు బిగబట్టుకోకుండా ఆమె నవ్వగా విని ఎన్నేళ్ళయిందో మామయ్యకు గుర్తు లేదు. ఆ నవ్వు కోసం వదినగారిని ఎన్ని నెలలైనా భరించవచ్చనిపించింది. పరుపు దింపి, చెమట తుడుచుకుని, బకెట్ల కోసం మళ్ళీ బయటికి వెళ్ళాడు.